నిమ్మకాయ తాగే వేళకే పిండాలి

(చెన్నైలో తెలుగు మహిళల వేసవి కూటమిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఈ ఎండలో ఇంత దూరం వచ్చారు. ముందు తలా ఒక గ్లాసు మంచినీళ్ళు తాగండి. బల్ల మీద పండ్లు, పాకం, నిమ్మకాయలు కనిపిస్తున్నాయి కదా, షర్బత్ మాత్రం ఇప్పుడే ఇవ్వను. ఎందుకు ఇవ్వనో చెప్పడానికే నిలబడ్డాను.

మా పుట్టిల్లు గూడూరు. చెన్నై నుంచి నెల్లూరు రైలెక్కిన వారికి ఆ ఊరు తెలిసే ఉంటుంది, అక్కడి నిమ్మకాయల మార్కెట్టూ తెలిసే ఉంటుంది. మా నాన్నగారు ఆ మార్కెట్టులో ఒక మండీలో గుమాస్తా. సాయంత్రం ఇంటికి వస్తే ఆయన చొక్కా నిమ్మతొక్కల వాసన వేసేది. పెళ్ళయి పెరంబూరు వచ్చాను, ఆ తరువాత ముప్పై ఏళ్ళు గృహవిజ్ఞానం బోధించాను. పాఠాల్లో ఎన్ని మరిచిపోయినా నిమ్మకాయ గురించి నేర్చుకున్నది మరిచిపోలేదు. ఆ నేర్చుకోవడం తరగతి గదిలో జరగలేదు, నిశ్చితార్థపు పందిట్లో జరిగింది.

మా పెద్ద ఆడపడుచు కూతురి నిశ్చితార్థం. మే నెల, ఇక్కడివారు అగ్నినక్షత్రం అనే మండుటెండల రోజులు. మగపెళ్ళివారికి కాఫీ వద్దు, చల్లగా బత్తాయి రసం ఇద్దామన్నాను. నూట యాభై మందికి కావాలి. తెల్లవారుజామున నలుగురం కూర్చుని కాయలు కోసి, రసం పిండి, వడకట్టి, పంచదార కలిపి, ఐసు పెట్టెలో పెట్టాం. ఏడు గంటలకు రుచి చూశాను, అమృతంలా ఉంది. పదకొండున్నరకు వాళ్ళు వచ్చారు. వియ్యపురాలు ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టారు. మా ఆడపడుచు నా దగ్గరికి వచ్చి, "ఏమ్మా, పంచదార వేయలేదా?" అని మెల్లగా అడిగారు. "వేశాను వదినా" అని నేనూ తాగి చూశాను. చేదు. తీపి ఉంది, పులుపు ఉంది, ఆ రెండింటి వెనక నాలుక చివర నిలబడిపోయే చేదు. ఇంకా పంచదార పోశాం. తీపి పెరిగింది, చేదు ఎక్కడికీ పోలేదు. అంత రసమూ పారబోశాం.

కాయలు చెడ్డవి కావు, పిండిన చేతుల్లోనూ తప్పు లేదు. నాలుగున్నర గంటల ముందు పిండడమే తప్పు. ఈ సంగతి ఆ తరువాత పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను. బత్తాయి, నారింజ, నిమ్మ జాతి పండ్ల తొనల పొరల్లో, గింజల్లో ఒక పదార్థం ఉంటుంది. పండు పండుగా ఉన్నంతసేపు అది చేదుగా ఉండదు. తొన చిదిగి రసంలోని పులుపుతో కలిసిందంటే మెల్లమెల్లగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. ఈ మార్పుకు గంటలు పడుతుంది. అందుకే అప్పుడే తీసిన రసం తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి చేదెక్కుతుంది. వేడి చేస్తే ఇంకా తొందరగా మారుతుంది. బత్తాయిలో ఇది బాగా తెలుస్తుంది. నిమ్మలో పులుపు ఎక్కువ కనుక కొంత మరుగున పడుతుంది, కానీ పొద్దున పిండిన నిమ్మరసాన్ని సాయంత్రం తాగి చూడండి, ఆ తాజా వాసన కూడా సగానికి పడిపోయి ఉంటుంది.

అందుకని మీకు నేను చెప్పదలుచుకున్న మాట ఒక్కటే. పండ్ల షర్బత్‌ను కలిపి సీసాల్లో దాచకండి. పాకం ఒక సీసాలో ఉండనివ్వండి. పండు పండుగా ఉండనివ్వండి. నిమ్మకాయను కోయకుండా ఉంచండి. మూడూ కలవవలసిన చోటు గ్లాసు, కలవవలసిన సమయం తాగే సమయం.

ఇప్పుడు మనలో చాలామంది ఫోనులో విదేశీ లెమనేడ్ వీడియోలు చూసి చేస్తున్నారు. నిన్న మా పక్కింటి అమ్మాయి వచ్చి, "పిన్నీ, వాళ్ళు చెప్పినట్టే నాలుగు నిమ్మకాయలు పిండాను, ఇలా చప్పగా వచ్చిందేమిటి?" అని అడిగింది. ఆ వీడియోలో వాడింది పసుపు రంగులో, మందమైన తోలుతో, కోలగా ఉండే పెద్ద నిమ్మ. ఒక కాయ నుంచి సుమారు 45 మిల్లీలీటర్ల రసం వస్తుంది. మన నిమ్మకాయ వేరే జాతి. పలుచటి తోలు, గుండ్రటి కాయ, 15 నుంచి 20 మిల్లీలీటర్ల రసం. వాళ్ళ ఒక కాయకు మనవి రెండు, మూడు పిండాలి. వాసనలో మాత్రం మన కాయే గట్టిది. అది గూడూరు ఆడపడుచు పక్షపాతం అనుకున్నా సరే, నేను ఆ మాట మీదే ఉంటాను.

పిండడంలో కూడా తెలుసుకోవలసింది ఉంది. కాయను ఫ్రిజ్‌లోంచి తీసి అర గంట బయట ఉంచండి. అరచేతి కింద పెట్టి బల్ల మీద దొర్లించండి. అడ్డంగా కోసి, గింజలు తీసేసి, ఒక్కసారి గట్టిగా పిండి ఆపేయండి. చివరి రెండు చుక్కల కోసం తొక్కను మెలితిప్పకండి. తొక్క లోపలి తెల్లటి పొరలో చేదు ఉంది. పైన ఉండే ఆకుపచ్చ పొరలో మాత్రం సువాసన నూనె ఉంటుంది, అది మనకు కావాలి. దానికి మార్గం వేరు. కాయను బాగా కడిగి, తురుముకోరుతో పై పచ్చదనాన్ని మాత్రం పలుచగా తురిమి, రెండు చెంచాల పంచదారతో కలిపి వేళ్ళతో నలపండి. పది నిమిషాల్లో పంచదార తడిసి వాసన నూనెను తనలోకి లాక్కుంటుంది. ఆ పంచదార ఒక చిటికెడు గ్లాసులో వేస్తే చాలు.

పాకానికి వద్దాం. కిలో పంచదారకు అర లీటరు నీళ్ళు. స్టీలు గిన్నెలో పెట్టి, కరిగి ఒక పొంగు రాగానే ఒక చెంచా నిమ్మరసం వేయండి. ఆ పులుపు పంచదారలో కొంత భాగాన్ని విడగొడుతుంది, అప్పుడు పాకం చల్లారాక గడ్డకట్టి పలుకులు పలుకులుగా మారదు. పైకి తేలిన తెట్టు తీసేసి దించండి. తీగ పాకం అక్కర్లేదు. తీగ వచ్చేదాకా ఉంచితే ఫ్రిజ్‌లో కలకండలా బిగుసుకుంటుంది. ఇది సుమారు లీటరు పైన వస్తుంది, పొడి సీసాలో ఫ్రిజ్‌లో పెడితే నెల రోజులు ఉంటుంది. ఒక పెద్ద చెంచా పాకంలో సుమారు 13 గ్రాముల పంచదార ఉందని గుర్తుంచుకోండి, ఆ లెక్కతో తరువాత పని ఉంది.

ఏలకులు, శొంఠి, పుదీనా, సుగంధిపాల వేర్లు, ఏది వేయాలన్నా పాకం దించాక వేసి మూతపెట్టండి. సుగంధిపాలనే ఇక్కడ నన్నారి అంటారు, మన కర్నూలు, కడప వైపు కూడా నన్నారి షర్బత్ అనే పిలుస్తారు. రెండు భాషల వాళ్ళం ఒకే పేరుతో ఒకే సీసా కొనుక్కుంటున్నాం. చాలా కొట్ల సీసాల్లో రంగు, ఎసెన్సు తప్ప వేరు ఉండదు. నాటు మందుల కొట్టులో ఎండు వేర్లు దొరుకుతాయి. కడిగి, చితక్కొట్టి, లోపలి గట్టి పుల్ల తీసేసి, పై బెరడును వేడి నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళతో పాకం పట్టండి. అసలు వాసన ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

గిన్నెల విషయం ఒక్కమాట. మన ఇళ్ళలో ఇప్పుడు రాగి చెంబులు మళ్ళీ వచ్చాయి. నీళ్ళకు వాడుకోండి. నిమ్మరసం మాత్రం రాగిలో గానీ, కళాయి లేని ఇత్తడిలో గానీ, అల్యూమినియంలో గానీ పోయకండి. పులుపు లోహాన్ని కరిగిస్తుంది, రాగి విటమిన్ సి ని పాడుచేస్తుంది. దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు విటమిన్ సి లోపంతో చిగుళ్ళు కుళ్ళే స్కర్వీ జబ్బుతో ఉన్న పన్నెండు మంది నావికులను జంటలుగా విడదీసి ఒక్కో జంటకు ఒక్కో మందు ఇచ్చాడు. నారింజలూ నిమ్మకాయలూ తిన్న ఇద్దరే తొందరగా లేచి తిరిగారు. ఆ తరువాతి శతాబ్దంలో బ్రిటిష్ నౌకాదళం చవక అని వేరే జాతి కాయల రసానికి మారింది. నిల్వ ఉంచిన రసం, పైగా రాగి గొట్టాల గుండా పోయిన రసం. పులుపు అలాగే ఉంది, లోపలి సత్తువ లేదు. స్కర్వీ మళ్ళీ వచ్చింది. నాలుకకు పుల్లగా తగిలినంత మాత్రాన అది పనిచేసే నిమ్మరసం అనుకోవద్దు.

ఇక పండ్లు. మా అత్తగారి కాలంలో పండ్లంటే జార్జిటౌన్‌లోని కొత్వాల్ చావడికే వెళ్ళేవారు. అక్కడ తెలుగు వినిపించని వీధి ఉండేది కాదని చెప్పేవారు. 1996లో ఆ వ్యాపారం కోయంబేడుకు మారింది. ఎక్కడ కొన్నా పండును ముక్కుతో కొనండి, కంటితో కాదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది పన్నీరు ద్రాక్ష. తేని జిల్లా కంబం లోయ నుంచి వస్తుంది. గింజ ఉంటుంది, తోలు మందం, పిల్లలు తినడానికి మొరాయిస్తారు. కానీ షర్బత్‌కు దీన్ని మించినది లేదు, ఎందుకంటే వాసనా రంగూ రెండూ తోలులోనే ఉన్నాయి. అర కిలో ద్రాక్షను ఉప్పు నీళ్ళలో కడిగి, మళ్ళీ మంచినీళ్ళలో కడిగి, గిన్నెలో వేసి పప్పుగుత్తితో చిదమండి. మిక్సీ వద్దు, గింజ నలిగితే వగరు. అర గ్లాసు నీళ్ళు పోసి సన్నటి సెగ మీద పెట్టండి. వేలు పెడితే చుర్రుమనే వేడి చాలు, మరగకూడదు. అయిదారు నిమిషాలకు తోలులోని రంగు దిగుతుంది. పలుచటి గుడ్డలో వడకట్టి చల్లార్చండి. ఇప్పుడు చూస్తే ముదురు ఊదా రంగులో ఉంటుంది. గ్లాసులో పోసి అర చెక్క నిమ్మకాయ పిండండి. కళ్ళముందే ఎర్రగా వెలిగిపోతుంది. ద్రాక్ష రంగు పులుపు తగిలితే ఎరుపుకు, క్షారం తగిలితే నీలానికి తిరుగుతుంది. ముందే పిండి తెచ్చి ఇస్తే ఈ అందం పిల్లలు చూడలేరు. మా మనవడు ద్రాక్ష తినడు గానీ ఆ రంగు మారడం చూడడానికి మూడు గ్లాసులు తాగుతాడు.

ఇక్కడే నీళ్ళ సంగతి చెప్పాలి. చెన్నైలో చాలా వీధుల్లో బోరు నీళ్ళు గట్టివి, క్షారం ఎక్కువ. ఆ నీళ్ళతో కలిపితే ద్రాక్ష రంగు మసకబారుతుంది, నిమ్మరసంలోని పులుపులో కొంత ఆ క్షారంతోనే సరిపోతుంది. ఒకే కొలతతో చేసినా అక్క ఇంట్లో బాగుంది, నా ఇంట్లో చప్పగా ఉంది అనుకునేవారు ముందు నీళ్ళు చూసుకోండి. తాగే నీళ్ళతోనే చేయండి.

పుచ్చకాయలో నూటికి తొంభై పాళ్ళు పైగా నీళ్ళే. దానికి నీళ్ళు కలపడం అంటే రుచిని కడిగేయడమే. నీళ్ళు వద్దు, పాకం కూడా చాలావరకు వద్దు. ముక్కలను చేత్తో నలిపి జల్లెడలో వడకట్టండి. గ్లాసుకు అర నిమ్మకాయ, చిటికెడు ఉప్పు, నాలుగు చుక్కల అల్లం రసం. ఉప్పు ఉప్పగా తెలియకూడదు, తీపిని పైకి తేవాలి, అంతే.

పుచ్చకాయకూ ఖర్బూజాకూ సొంత పులుపు లేదు. పులుపు లేని రసంలో క్రిములు తొందరగా పెరుగుతాయి. అందుకే ఈ రెండింటినీ కోసి బయట పెట్టకూడదు. కోయక ముందే తొక్కను బ్రష్షుతో రుద్ది కడగండి. ఖర్బూజా తొక్క మీది వలలో మట్టి దాక్కుంటుంది, కత్తి దిగగానే ఆ మట్టి లోపలికి దిగుతుంది. ఖర్బూజాకు నిమ్మకాయ అలంకారం కాదు, ప్రాణం. అది లేకుంటే నోట్లో మెత్తగా, వెగటుగా తిరుగుతుంది.

అనాస ఒక్కదాన్నే నేను ఉడికిస్తాను. పచ్చి అనాసలో మాంసకృత్తులను అరిగించే ఎంజైము ఉంది, నాలుక చిమచిమలాడేది దానివల్లే. ముక్కలను పాకంలో అయిదు నిమిషాలు ఉడికిస్తే అది చచ్చిపోతుంది. దానిమ్మ గింజలను గుడ్డలో కట్టి పిండండి. పచ్చి మామిడి దాని పులుపు అదే తెచ్చుకుంటుంది, నిమ్మ వాసన కోసం రెండు చుక్కలు చాలు. తాటి ముంజలను మిక్సీలో వేసేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది. లేత ముంజను వేలితో చీల్చి నిమ్మనీళ్ళలో వేయండి, కొరికినప్పుడు లోపలి నీళ్ళు చిమ్మాలి.

శ్రీరామనవమి పానకం కూడా ఈ కుటుంబంలోదే. మా గూడూరు ఇంట్లో బెల్లం, మిరియాలు, ఏలకులు, అంతే. పెరంబూరులో మా ఎదురింటి తమిళ మామి అందులో నిమ్మకాయ పిండి ఇచ్చారు. మొదటి సంవత్సరం ఇదేమి పానకం అనుకున్నాను. రెండో సంవత్సరం నుంచి మా ఇంట్లోనూ పిండుతున్నాం. బెల్లం బరువును నిమ్మ తేలిక చేస్తుంది.

ఐసు గురించి. మెరీనా ఎదురుగా వివేకానంద ఇల్లం ఉంది కదా, గుండ్రటి ముఖంతో ఉన్న భవనం. 1897లో స్వామి వివేకానంద అక్కడ బస చేశారు. అసలు దాన్ని 1842లో కట్టింది ఐసు దాచడానికి. అమెరికాలో చలికాలం గడ్డకట్టిన చెరువుల నుంచి ఐసు కోసి, రంపపు పొట్టులో చుట్టి, నెలల తరబడి ఓడల్లో తెచ్చి అక్కడ నిలవచేశారు. ఆ పేటను ఇప్పటికీ ఐస్ హౌస్ అనే అంటారు. దొరల నిమ్మరసం గ్లాసులో తేలిన ఐసు అంత దూరం నుంచి వచ్చింది. మన వాళ్ళు కుండ నీళ్ళతోనే గడిపారు. అయితే కడపలో కుండ చల్లబడినట్టు చెన్నైలో చల్లబడదు. కుండ చెమ్మ గాలిలో ఆరితేనే నీళ్ళు చల్లబడతాయి, ఇక్కడి గాలి ముందే తడిగా ఉంది. మన చెమట ఆరనట్టే కుండ చెమటా ఆరదు. అందుకే ఈ ఊళ్ళో ఐసు అడగడం తప్పు కాదు. ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్ళతో చేసుకోండి. గడ్డకట్టినంత మాత్రాన నీళ్ళలోని క్రిములు చావవు. ఇంకొకటి, చల్లదనంలో తీపి తక్కువగా తెలుస్తుంది, ఐసు కరిగి పలుచన కూడా అవుతుంది. కాబట్టి ఐసు వేసేవారు రసాన్ని కాస్త చిక్కగా కలుపుకోండి.

(సభలో ఒకరు: "నిమ్మకాయలు ధర తగ్గినప్పుడు కొని పెట్టుకోకూడదా అమ్మా?")

మంచి ప్రశ్న. 2022 ఏప్రిల్‌లో ఒక్కో కాయ పది రూపాయలు దాటింది, మనందరికీ గుర్తుంది. దాచవచ్చు, ఒకే పద్ధతిలో. గింజలు తీసి పిండిన రసాన్ని అప్పటికప్పుడే ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించండి. బిళ్ళలను గాలి చొరని డబ్బాలో పెట్టండి. ఆ చలిలో చేదు మార్పు బాగా నెమ్మదిస్తుంది. ఒక బిళ్ళ ఒక గ్లాసుకు. తాజా కాయతో సమానం కాదు గానీ, సీసాలో దాచిన రసం కంటే ఎంతో మేలు.

(మరొకరు: "షుగరు ఉన్నవాళ్ళు ఏం చేయాలి?")

ఇందాక 13 గ్రాములు అన్నాను కదా, దాని పని ఇప్పుడు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవారికి రోజు మొత్తానికి కలిపిన పంచదార సుమారు 50 గ్రాములు దాటకూడదు, 25 లోపు ఉంటే ఇంకా మంచిది. రెండు పెద్ద చెంచాల పాకంతో ఒక గ్లాసు తాగితే ఆ 25 అయిపోయినట్టే. పండును నమిలి తింటే దాని తీపి ఈ లెక్కలోకి రాదు, రసం తీస్తే వస్తుంది. మధుమేహం ఉన్నవారు వైద్యుల మాట ప్రకారమే నడుచుకోండి. నా ఇంట్లో మా వారికి ఇచ్చేది పాకం లేని నిమ్మనీళ్ళు: నలిపిన పుదీనా, వేయించిన జీలకర్ర పొడి, నానిన సబ్జా, చిటికెడు ఉప్పు, పైన రెండు పలుచటి పచ్చి మామిడి ముక్కలు. పాకం వేరుగా ఉంది కనుకే ఒకే బల్ల మీద ఆయనకు ఒక రకం, మనవడికి ఒక రకం ఇవ్వగలుగుతున్నాను. కలిపి పెట్టిన జగ్గు అయితే ఆయన చూస్తూ కూర్చోవాలి.

పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే మాత్రం ఈ షర్బత్‌లేవీ ఇవ్వకండి. ఎక్కువ తీపి పేగుల్లోకి నీటిని ఇంకా లాగుతుంది. ఓఆర్ఎస్ పొట్లం తెప్పించండి. అది దొరికేలోగా లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా కొలిచి కలపండి. కొలత తప్పకూడదు.

సబ్జా నానింది. రండి, తలా ఒక గ్లాసు తీసుకోండి. ఎడమవైపు జగ్గులో ద్రాక్ష రసం, పక్కన పాకం, పళ్ళెంలో గూడూరు నిమ్మకాయలు. కత్తి జాగ్రత్త. ఎవరి గ్లాసులో వారే పిండుకోండి, పిల్లలను ముందు నిలబెట్టండి, రంగు మారడం వాళ్ళు చూడాలి.